ఎత్తేసిన గోడ

కిందటి నెల అల్మాస్‌గూడలో ఒక స్థలం కొలవడానికి వెళ్లాను. స్థలాలు కొలవడం, గోడలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో కాగితం మీద గీసివ్వడం నా ఉద్యోగం. స్థలం యజమాని ఇసుక కుప్ప మీద నిలబడి, వెనకవైపున్న పాత ప్రహరీని చేత్తో చూపించి, "సార్, గీ గోడ ఎత్తేయాలె. ఎన్ని రోజులైతది?" అన్నాడు. నేను టేపు చుట్టుకుంటూ, "పైకా, కిందికా?" అని అడిగాను. ఆయన పక్కనున్న వాళ్లవైపు చూసి, "గోడను కిందికెట్ల ఎత్తుతరు సార్?" అని నవ్వాడు. నేను నవ్వకుండా, ఉన్నదాని మీద వరసలు పెంచాలా, లేక ఉన్నదాన్ని మొత్తం తీసేయాలా అని విడమర్చి అడిగాను. ఆయన నవ్వు ఆపాడు. "అరె, రెండిట్కీ గదే మాట గదా!" అన్నాడు. ఆయనకు పెంచడమే కావాలట. రాసుకున్నాను. కానీ ఆ తర్వాత కొలతల మీద మనసు నిలవలేదు. ఆ మాటకు రెండు అర్థాలున్నాయని మా గల్లీలో రెండు ఇళ్లవాళ్లం చాలా ఏళ్ల కిందటే తెలుసుకున్నాం. అదీ ఒక్క రోజులో.

దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్బీ నగర్‌కూ మధ్య, మెయిన్ రోడ్డు మీంచి లోపలికి మలుపులు తిరుగుతూ వస్తే ఉంటుంది మా గల్లీ. అప్పటికింకా మెట్రో లేదు. రోడ్డు మధ్యలో స్తంభాల కోసం తవ్విన గుంతలూ, వాటి చుట్టూ రేకులూ ఉండేవి. నాన్న కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగం మీద వచ్చిన మనిషి. పక్కింటాయనది పోచంపల్లి చేనేత కుటుంబం. వాళ్ల నాన్న మగ్గం మీద కూర్చున్నాడు, ఈయన దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపు పెట్టి గల్లా మీద కూర్చున్నాడు. ఇద్దరూ కలిసి ఒకే ప్లాటు కొని, మధ్యకు కోసి, చెరో సగంలో ఇల్లు కట్టుకున్నారు. ఖర్చు కలిసొస్తుందని మధ్యలో రెండు గోడలు కాకుండా ఉమ్మడిగా ఒకటే కట్టారు. మా అమ్మ పక్కింటావిడను "వదినా" అని పిలిచేది, ఆవిడ అమ్మను "వదినె" అనేది. ఆ లెక్కన నాన్న ఆయన్ని "బావగారూ" అనీ, ఆయన నాన్నను "బావా" అనీ పిలుచుకునేవాళ్లు. నాకు వాళ్లు అత్తయ్య, మామయ్య. ఏ రక్తమూ కలవని ఈ చుట్టరికానికి ఆధారం ఆ గోడ ఒక్కటే. అదే లేకపోతే పక్కింటివాళ్లం అనడానికి కూడా వీల్లేదు కదా అని అప్పట్లో నాకొక ఆలోచన ఉండేది.

గోడ ఎత్తు నాలుగున్నర అడుగులు, మందం ఇటుక వెడల్పంత. మావైపు లేత పసుపు రంగు, వాళ్లవైపు నీలం. ఇంజినీరింగు రెండో ఏడు చదువుతున్న నాకు కనిపించిన ప్రతిదాన్నీ వర్గీకరించే జబ్బు అప్పటికే పట్టుకుంది. గోడ చేసే పనులు ఏమిటా అని ఒకసారి లెక్క వేశాను. హద్దు చూపించడం అనే అసలు పని అన్నిటికంటే చివర వచ్చింది. దానికి ముందు మామయ్య గడ్డం గీసుకునే అద్దానికి ఆసరా, మా కరివేపాకు కుండీకి పీట, అత్తయ్య దుప్పట్లకు దండెం, నా హెల్మెట్‌కు గూడు. రెండిళ్లలో రెండు వేరువేరు పేపర్లు వచ్చేవి. కాఫీ అయ్యాక నాన్న తనది గోడ మీద పెట్టి వాళ్లది తీసుకునేవాడు. ఒకే వార్త రెండు పేపర్లలో రెండు రకాలుగా ఉందని ఇద్దరూ గోడకు మోచేతులాన్చి ముచ్చటపడేవాళ్లు. కానీ అన్నిటికంటే పెద్ద పని అమ్మది. అమ్మ చీరలకు ఫాల్స్ కుట్టేది. మామయ్య షాపులో అమ్ముడైన చీరలు పొద్దున అత్తయ్య చేతుల్లోంచి గోడ మీదికి, గోడ మీంచి అమ్మ చేతుల్లోకి వచ్చేవి. సాయంత్రం అదే దారిన తిరిగి వెళ్లేవి. ఇచ్చిపుచ్చుకోవడానికి అర నిమిషం చాలు. వాళ్లకు అరపూట పట్టేది. అమ్మ "ఏంటి వదినా" అంటే అత్తయ్య "ఏంది వదినె" అనేది. తామిద్దరూ మాట్లాడుతుంటే గోడకు రెండు వైపులా రెండు రంగులున్నట్టే ఉంటుందని అత్తయ్యే ఒకసారి అంది. ఊళ్లో చుట్టాలందరినీ వదిలి వచ్చిన అమ్మకు ఈ నగరంలో మనసు విప్పి మాట్లాడే చోటు ఏదంటే, ఆ గోడ పక్కన అరిగి నున్నబడిన గచ్చు ముక్క.

అప్పుడు రాష్ట్రం రెండుగా విడిపోయే రోజులు. బంద్ ఉన్న రోజున జిల్లాల నుంచి వచ్చే బస్సులు ఎల్బీ నగర్ దాకా కూడా వచ్చేవి కావు. సాయంత్రమైతే రెండిళ్లలో టీవీలు పోటీపడి అరిచేవి. మొదట్లో అది కూడా బావాబావమరుదుల సరసంగానే సాగింది. "ఏం బావగారూ, మమ్మల్ని పంపించేస్తారా?" అని నాన్న అనడం, "పోతే పో బావా, మా వదినెను మాత్రం ఈడ్నే ఉంచి పో. చీరెలకు ఫాల్స్ ఎవరు కుడ్తరు?" అని మామయ్య అనడం, నాలుగు గొంతులు కలిసి నవ్వడం. రోజూ ఇదే జోకు, రోజూ అదే నవ్వు. ఒక రోజు విజయవాడ నుంచి మా బాబాయి వచ్చి వరండాలో కూర్చుని ఉండగా మామయ్య మామూలుగానే "పోతే పో బావా" అన్నాడు. బాబాయి నవ్వలేదు. జోకు మూడోమనిషి చెవిన పడితే ఏమవుతుందో ఆ రోజు చూశాను. మాట అదే, గొంతు అదే, కానీ నాన్న మొహం మారింది. మామయ్య లోపలికి వెళ్లాక బాబాయి మెల్లగా, "మనసులో ఉన్నదే నోటికొస్తుంది అన్నయ్యా. ముందా గోడ సంగతి చూసుకో. పిల్లి కూడా అవలీలగా దూకేట్టుంది" అన్నాడు.

మర్నాడు నాన్న తిరుగు జోకు వేయబోయాడు. "మేం వచ్చాకే కదా బావగారూ ఈ కాలనీకి రేటొచ్చింది" అన్నాడు. ఆ వేళ మామయ్య దగ్గర ఆయన తమ్ముడున్నాడు. మామయ్య అద్దంలోంచి కళ్లు తిప్పకుండా, "రేటా? మా జాగకు రేటు కట్టనీకి వచ్చిన్రా మీరు?" అన్నాడు. సగం గీసిన గడ్డంతోనే అద్దం తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆ అద్దం గోడ మీదికి రాలేదు. పేపర్లు మారడం ఆగిపోయింది. ఎవరి ఇంట్లో వచ్చిన నిజాన్ని వాళ్లే చదువుకున్నారు.

ఆడవాళ్ల సంగతి వేరు. శ్రావణమాసం, చీరల సీజను. మగవాళ్లిద్దరి బండ్లూ గల్లీ చివర మలుపు తిరిగాక, చీరలు మునుపటిలాగే గోడ దాటేవి. కాకపోతే మాటలు గుసగుసలయ్యాయి. గోడను ఏడడుగులకు పెంచే ఆలోచన నాన్న బయటపెట్టినప్పుడు అమ్మ ఎదురు చెప్పింది. "గోడ పెంచితే ఇంట్లోకి గాలి రాదండీ" అంది. "గాలి పైనుంచి కూడా వస్తుంది" అన్నాడు నాన్న. ఏడడుగుల గోడ మీంచి చీరలు అందుకోవడం కుదరదు. గేటు తీసి, గల్లీలోకి వచ్చి, అందరి కళ్లముందూ వాళ్ల గేటు కొట్టాలి. రెండు వైపులా మొగుళ్లు మాట్లాడుకోని రోజుల్లో అది జరిగే పని కాదని అమ్మకు తెలుసు. కుట్టుపని ఇంకెక్కడైనా దొరుకుతుంది. వదిన దొరకదు. ఒక మధ్యాహ్నం అత్తయ్య గోడ మీద చెయ్యి వేసి, "ఏడడుగులైతే నీ ముఖం ఎట్ల కనవడ్తది వదినె? నిచ్చెనేసుకోవాల్నా?" అంది. అమ్మ సూదిలోకి దారం ఎక్కిస్తూనే ఉంది. ఎక్కలేదు.

ఉమ్మడి గోడ కాబట్టి రెండో మనిషి ఒప్పుకోవాలి. ఆ ఒప్పందం కుదరడం నేను స్వయంగా విన్నాను. అదే ఈ కథకు ఆయువుపట్టు, కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నాన్న బైకు తుడుస్తున్నాడు. అటువైపు మామయ్య పళ్లు తోముకుంటున్నాడు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"ఈ గోడ ఎత్తేద్దామనుకుంటున్నాను" అన్నాడు నాన్న, బైకుతో అన్నట్టు.

అటునుంచి నీళ్లు ఉమ్మిన చప్పుడు. "లేపెయ్. నాకేం ఫరక్ పడది."

"మేస్త్రీకి ఫోన్ చేస్తాను."

"నేను గూడ చేస్త."

అంతే. ఇద్దరూ ఎవరికి వాళ్లు ఒకే మేస్త్రీకి ఫోన్ చేశారు. ఆ మేస్త్రీది బాలాపూర్. మా రెండిళ్లకూ ఏ చిన్న పనొచ్చినా అతనే. "ఎత్తేస్త సార్, ఒక్క పూట పని" అన్నాడట నాన్నతో. రెండున్నర అడుగుల గోడ పెంచడం ఒక్క పూటలో ఎలా అవుతుందని నాన్న అడగలేదు. నాన్న అకౌంట్స్ మనిషి. పని తొందరగా అవుతుందంటే ఆయనకు సంతోషమే.

మేస్త్రీ వచ్చేసరికి మగవాళ్లిద్దరూ పనుల మీద వెళ్లిపోయారు. నాకు పరీక్షల సెలవులు. అమ్మ అప్పటికే కరివేపాకు కుండీ దించేసి, గోడ పైభాగాన్ని తడిగుడ్డతో తుడిచింది. మేస్త్రీ ఒక కూలీతో, రెండు సుత్తెలతో, గడ్డపారతో దిగాడు. పైవరస మీద మొదటి దెబ్బ పడగానే అమ్మ ఉలిక్కిపడింది. నేను ధైర్యం చెప్పాను. "పాత గచ్చు కొట్టకపోతే కొత్త వరస పట్టదమ్మా. బాండింగ్ కోసం" అన్నాను, ఆ సెమిస్టరులో చదివింది అప్పగిస్తూ. రెండో వరస ఊడింది. "పై రెండు వరసలూ బలహీనపడి ఉంటాయి" అన్నాను. మూడో వరస ఊడేటప్పటికి నా దగ్గర సిద్ధాంతాలు అయిపోయాయి. అప్పుడు గమనించాను, వాకిట్లో ఎక్కడా ఒక్క కొత్త ఇటుక లేదు. ఇసుక లేదు, సిమెంటు బస్తా లేదు.

నోరు తెరవబోయి అమ్మవైపు చూశాను. అమ్మ అత్తయ్యను చూస్తోంది. అత్తయ్య అటువైపు గుమ్మంలో, బియ్యం చేట ఒళ్లో పెట్టుకుని, అమ్మను చూస్తోంది. గోడ తగ్గినకొద్దీ ఇద్దరూ ఒకరికొకరు కొంచెం కొంచెంగా ఎక్కువ కనిపిస్తున్నారు. ముందు భుజాలు, తర్వాత నడుము. ఇద్దరికీ నాకంటే ముందే అర్థమైందని నాకప్పుడు అర్థమైంది. ఒక్క మాట అంటే మేస్త్రీ ఆగిపోతాడు. ఇద్దరూ ఆ మాట అనలేదు.

అత్తయ్య చేట పక్కన పెట్టి, "మేస్త్రీ, చాయ్ తాగుతవా?" అంది.

"పనైనంక తాగుత అమ్మా."

"అయ్యో, ఇప్పుడే తాగు. మల్ల తాకత్ ఏడికెల్లి వస్తది?" అంది. అమ్మ లోపలికెళ్లి బిస్కెట్లు తెచ్చింది. నేను "అమ్మా, నాన్న చెప్పింది..." అంటుంటే, "నీకు పరీక్షలున్నాయి కదా, చదువుకో పో" అంది, ఎన్నడూ లేనంత మెత్తగా. అటునుంచి అత్తయ్య, "చదువు ఏడికి పోదు గానీ అల్లుడా, ఇంజినీరువి గదా, జర గా ఇటుకలు ఓ పక్కకు పేర్చు" అంది. పేర్చాను. ప్రతి ఇటుకకూ ఒక పక్క పసుపు, ఒక పక్క నీలం. ఇన్నేళ్లూ మా రంగు మాదీ, వాళ్ల రంగు వాళ్లదీ అనుకున్నాం. రెండూ ఒకే ఇటుకను పట్టుకుని ఉన్నాయి.

సాయంత్రం మేస్త్రీ వెళ్లిపోయాక, ముందు నాన్న వచ్చాడు. గేటు తీసి, హెల్మెట్ తీయకుండానే నిలబడిపోయాడు. అవతల మామయ్య బండి ఆగింది. ఆయనా గేటు దగ్గరే ఆగాడు. ఇద్దరి మధ్యా పునాది గీత, దాని పక్కన నేను పేర్చిన ఇటుకలు. అమ్మ తులసికోట దగ్గర, అత్తయ్య దండెం దగ్గర, ఎవరి పనిలో వాళ్లున్నట్టు నిలబడ్డారు. నాన్న మేస్త్రీకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు.

"ఇదేంటి మేస్త్రీ?"

"మీరే గదా సార్ ఎత్తేయమన్నరు? ఆ సార్ గూడ లేపెయ్ అన్నడు. చవితి వస్తున్నది గదా, రెండు వాకిళ్లు కలిపి గణపతిని పెడ్తరేమో అనుకున్న. తప్పైందా సార్?"

ఫోన్ అవతల ఆ ప్రశ్న అలాగే ఉంది. తప్పైంది అనాలంటే నాన్న ఒక మాట అనాలి, మామయ్య ఎదురుగా. మీ ఇంటివైపు నుంచి నాకు భయమేస్తోంది, అందుకే గోడ పెంచమన్నాను అనాలి. మామయ్య అదే మాట తనవైపు నుంచి అనాలి. వీపు తిప్పుకుని అనుకున్నవి మొహం చూసుకుంటూ అనడం కష్టం. గోడ ఉన్నంతసేపూ ఉన్న సౌకర్యం అదే, అది ఇప్పుడు లేదు.

మామయ్య గొంతు సవరించుకున్నాడు. "నువ్వేమన్నవ్ బావా?"

"ఎత్తేయమన్నాను."

"నేను లేపెయ్ అన్న. మరింకేంది లొల్లి?"

నాన్న హెల్మెట్ తీశాడు. "లొల్లేముంది. ఏం లేదు మేస్త్రీ, బాగానే చేశావు" అని ఫోన్ పెట్టేశాడు. ఈలోగా గల్లీలో నలుగురు పోగయ్యారు. "ఏమైంది, గోడెందుకు తీసిన్రు?" అని ఎవరో అడిగారు. మామయ్య, "గణేశ్‌ను పెడ్తున్నం" అన్నాడు. నాన్న, "అవునవును" అన్నాడు. అన్నాక పెట్టక తప్పదు కదా. ఆ ఏడు చవితికి ఆ ఇటుకలతోనే అరుగు కట్టి, పునాది గీతకు సరిగ్గా పైన మట్టి వినాయకుణ్ణి కూర్చోబెట్టాం. పులిహోర మాది, కుడుములు వాళ్లవి.

ఇక్కడితో ఆపేస్తే ఇది మంచి కథ అవుతుంది గానీ, నిజం అవదు. నిమజ్జనమయ్యాక అరుగు తీసేశాం, గోడ లేదు, అయినా గోడ ఉంది. అమ్మ ఊడ్చుకుంటూ వచ్చి ఆ గీత దగ్గర ఆగిపోయేది. అత్తయ్య చీపురూ అక్కడే ఆగేది. మధ్యలో సన్నటి చెత్త చార మిగిలేది. నాన్నా, మామయ్యా పొద్దున్నే పాత చోట్లలోనే నిలబడేవాళ్లు. ఒకసారి నాన్న అలవాటు కొద్దీ మోచెయ్యి ఆనించబోయి తూలిపడబోయాడు. మామయ్య నవ్వాపుకోలేక, "పదిలం బావా, గోడకు తగుల్తవ్" అన్నాడు. అద్దం లోపలికి తీసుకెళ్లిన తర్వాత ఆయన అన్న మొదటి జోకు అదే. మరుసటి రోజు పేపర్లు మారాయి.

ఆ గీతను అసలు దాటింది మాత్రం ఒక చీర. ఫాల్ కుట్టిన పట్టుచీర మడత పెట్టాలి. గోడ ఉన్నప్పుడు అమ్మ ఒక్కతే మంచం మీద పరిచి పెట్టేది. ఇప్పుడు జాగా ఉంది కాబట్టి ఒక కొస అమ్మ పట్టుకుంది, రెండో కొస అత్తయ్య పట్టుకుంది. చీర సాగింది, జాడించారు, అంచు అంచుకు కలిపారు. మడత వేయాలంటే ఒకరివైపు ఒకరు నడవాలి. నడిచారు. కొసలు అందించుకున్నది గీత మీద. మళ్లీ వెనక్కి, మళ్లీ ముందుకు. మడత చిన్నదయ్యేకొద్దీ నడక చిన్నదైంది. ఆఖరి మడతకు అమ్మ వాళ్ల వాకిట్లో నిలబడి ఉంది. ఆ సంగతి అమ్మ చూసుకోలేదు. ఆ చీర మీద పోచంపల్లి చిటికి పని. నూలును ముందే ముడులు కట్టి రంగులద్ది నేస్తారు కాబట్టి అందులో ఒక రంగు ఎక్కడ ఆగి ఇంకొకటి ఎక్కడ మొదలైందో కచ్చితంగా చెప్పలేం. కొలతల పిచ్చి నాకు, ఎంతసేపు చూసినా దొరకలేదు.

రాష్ట్రం విడిపోయిన రోజు గల్లీ అంతా టపాకాయలు. మామయ్య చేతిలో సరం పట్టుకుని వాకిట్లో నిలబడి మావైపు చూశాడు. నాన్న గుమ్మంలోకి వచ్చి, "పట్టుకుని నిలబడ్డారేం బావగారూ, కాల్చండి" అని లోపలికెళ్లి టీవీ సౌండు పెంచాడు. కోపంతో పెంచాడా, మామయ్య మొహమాటపడకుండా ఉండాలని పెంచాడా అన్నది నాకు తెలియలేదు. అడిగే ధైర్యం లేకపోయింది.

కానీ గోడ సంగతి మాత్రం అడిగాను. అల్మాస్‌గూడ నుంచి తిరిగి వచ్చిన సాయంత్రం, ఇద్దరినీ విడివిడిగా. "నాన్నా, ఆ రోజు మీరు పెంచమన్నారా, తీసేయమన్నారా?" నాన్న కళ్లజోడు తుడుచుకుని, "ఎత్తేయమన్నానురా. నువ్వూ విన్నావుగా" అన్నాడు. మామయ్య ఇంకొంచెం ముందుకెళ్లాడు. "లేపేయమంటే లేపేయమనే అల్లుడా. గిదేం ఇంజినీరింగు చదివినవ్ రా నువ్వు, తెలుగు రాదా?" అన్నాడు. అమ్మనూ అత్తయ్యనూ అడగలేదు. వాళ్లు ఆ సమయానికి వాకిట్లో ఏదో చీర మడత పెడుతున్నారు. వేరే మాట ఏదైనా వాడి ఉంటే, 'పెంచు' అనో 'కూల్చు' అనో, ఇద్దరిలో ఒకరు ఓడిపోయేవారు. తెలుగులో ఆ ఒక్క మాట రెండు వైపులా తెరుచుకోబట్టి, ఇద్దరూ తలవంచకుండా బయటికొచ్చారు.

ఇప్పుడు రెండు వాకిళ్లకూ కలిపి ఒకే సిమెంటు గచ్చు. కింద పాత పునాది గట్టిగా ఉంది, దానికి రెండు పక్కలా మట్టి మెత్తన. అందుకని ప్రతి వానాకాలం సరిగ్గా ఆ వరసలోనే గచ్చు మీద వెంట్రుకంత పగులు వస్తుంది. పునాది తవ్వించి తీస్తే పోతుందని నాకు తెలుసు. ఎవరూ తవ్వించమనరు, నేనూ సిమెంటు పాలు పోసి ఊరుకుంటాను. ప్రతి ఏడూ వంగి చూస్తే అది కిందటేడు కంటే కొంచెం సన్నగా ఉన్నట్టే అనిపిస్తుంది. నిజమో, నా భ్రమో. గోడను మా మేస్త్రీ ఒక్క పూటలో ఎత్తేశాడు. గీతను ఎత్తేసే పని కాలం ఒప్పుకుంది. అది మేస్త్రీ కంటే చాలా నిదానం, కానీ ఎవరూ చాయ్ ఇవ్వకపోయినా పని మాత్రం ఆపలేదు.